వెనక గదికీ కర్టెన్లు

ఉదయం ఏడూ పదికి భిలాయి-3 స్టేషన్లో దిగాను. నేను దిగాల్సిన భిలాయి అది కాదని దిగాక తెలిసింది. రాయపూర్‌లో రైలు మారి, కిటికీ పక్కన కూర్చుని, బోర్డు మీద భిలాయి అన్న మాట కనబడగానే సంచీ, మూటా దించేసుకున్నాను. మాట పక్కనున్న అంకెను పట్టించుకోలేదు. రైలు వెళ్లిపోయింది.

భిలాయి-3

నారింజ రంగు చొక్కా తొడుక్కున్న రైల్వే మనిషి ఒకాయన ప్లాట్‌ఫారం మీద నన్ను చూసి నవ్వాడు.

"మూడులో దిగీసారా అమ్మా? మనోళ్లు సగంమంది ఇక్కడే దిగీసి నన్ను తిట్టుకుంతారు. ఆ బోర్డు నేను రాయలేదండీ."

నా మొహం చూసే తెలుగు మనిషినని పోల్చుకున్నాడో, మూట కట్టిన తీరు చూసి పోల్చుకున్నాడో తెలియదు. పేరు దేవదానం. సొంత ఊరు తుని దగ్గర. చర్చి పనికీ, పెళ్లిళ్లకీ తప్ప అటు వెళ్లడట.

"ఒక్కరే వచ్చీసారేటి? అయ్యగారు రాలేదా?"

"ఆయన పోయారు. ఎనిమిది నెలలవుతోంది."

మా విజయనగరంలో ఈ మాట చెబితే ఎదుటివాళ్లు ముందు నా నుదురు వైపు చూస్తారు. అక్కడ ఇంకా చిన్న బొట్టు ఉంటుంది. దాన్ని చూశాక ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోతారు. దేవదానం నా మూట అందుకున్నాడు. తర్వాత, "టీ తాగుదురు గానీ రండి. సుపేలా ఆటో వచ్చీవరకూ టైముంది" అన్నాడు. టీ పది రూపాయలు. మా దగ్గరా అంతే, కానీ గ్లాసు కాస్త పెద్దది. ఇక్కడ అల్లం ఎక్కువ. డబ్బులు నన్నివ్వనివ్వలేదు.

నేను ఎందుకు వచ్చానో అతనికి చెప్పాను, మీకూ చెప్పాలి. విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాకు కర్టెన్ల గుడ్డలు, పరుపులు కుట్టిచ్చే దుకాణం ఉంది. ఆయన కొలిచి కత్తిరించేవారు, నేను కుట్టేదాన్ని. ఆయనకి వరసకి తమ్ముడైన సత్యానికి భిలాయిలోని సుపేలాలో లాడ్జి ఉంది. దాని గదులన్నీ పాతబడ్డాయనీ, పక్కలూ పరుపులూ కిటికీ గుడ్డలూ మార్చాలనీ సత్యం అడిగితే, కిందటేడు ఈయన వచ్చి కొలతలు తీసుకుని మాటిచ్చి వెళ్లారు. పని మొదలుకాకముందే పోయారు.

ఏడాది తిరగకుండా పొలిమేర దాటకూడదని మా బావగారు అన్నారు. ఆ పని వేరే ఎవరికైనా అప్పజెప్పమన్నారు. ఇచ్చిన మాట ఆయనదే అయినా, కుట్టే చెయ్యి మొదటినుంచీ నాదేనని చెప్పి గుడ్డల తానులు లారీకి ఎక్కించాను. ఆయన కత్తెర సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

సుపేలా

మెయిన్ రోడ్డు మీద ఆటో దిగితే చెవులు దిబ్బళ్లు పడ్డాయి. మా ఊళ్లో హారను అడ్డొచ్చిన మనిషి కోసం కొడతారు. ఇక్కడ రోడ్డు ఖాళీగా ఉన్నా కొడతారు. మార్కెట్ వెనక వీధిలో రెండంతస్తుల లాడ్జి. మెట్ల మీద సత్యం ఎదురొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, పుట్టింది ఇక్కడే. వాళ్ల నాన్న చీపురుపల్లి వైపు నుంచి స్టీలు ప్లాంటు పనికొచ్చి, రిటైరయ్యాక ఈ లాడ్జి కట్టారు.

"రా వదినా, రా" అన్నాడు గానీ, గుమ్మానికి అడ్డంగానే నిలబడ్డాడు. లోపల్నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది.

"సచ్చెం, ఎనక సందులోంచి తీసుకురా."

ఆవిడ మా చిన్నత్త, అప్పలనరసమ్మ. ఎనభై ఏళ్లుంటాయి. ఆవిడ భర్త పోయి పన్నెండేళ్లయింది. ముందు గుమ్మంలో పెళ్లివారి బండేదో ఆగి ఉంది, గదులు మాట్లాడుకోవడానికి వచ్చారు. నేను వాళ్లకి ఎదురుపడకూడదన్నది చిన్నత్త ఉద్దేశం. సందులోంచే వెళ్లాను. ఆ ఒక్కసారికి.

నాకిచ్చింది వెనక గది. గోడకి ఆనించి ఇనప మంచం, నడుం దగ్గర గుంట పడిన కొబ్బరి పీచు పరుపు, దాని మీద ఒక చాప. కిటికీకి గుడ్డ లేదు. ఎదురుగా స్కూటర్లు పెట్టే రేకుల షెడ్డు, దాని దీపం సరిగ్గా మంచం మీద పడుతుంది. అద్దం ఉండాల్సిన చోట మేకు మాత్రమే ఉంది. నా కోసం అద్దం తీసేశామని సత్యం కూతురు స్వీటీ చెప్పింది. అలా చేస్తే నాకు బాధ తగ్గుతుందని వాళ్లు నిజంగానే అనుకున్నారు. మర్నాడు తల దువ్వుకోవడానికి స్వీటీ ఫోను కెమెరా అడిగి తీసుకున్నాను.

ఆ గది కథ

మా వైపు ఇంట్లో మనిషి పోతే, పెద్దకర్మ అయ్యాక మిగిలిన మనిషిని బంధువులెవరైనా తమ ఇంటికి తీసుకెళ్లి ఒక రాత్రి ఉంచి పంపుతారు. నిద్ర చేయించడం అంటారు. అది అయ్యాకే ఆ మనిషి నలుగురిళ్లకీ వెళ్లొచ్చు. ఊళ్లో ఉంటే అన్నో మేనమామో ఉంటారు. ఇక్కడికి ప్లాంటు పనికొచ్చిన తొలి రోజుల్లో ఎవరికి ఎవరున్నారు? రెండేసి గదుల క్వార్టర్లు, పక్కింట్లో చంటిపిల్లలు. కొత్తగా బొట్టు తీసిన మనిషిని రాత్రి ఉంచుకోవడానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. అదంతా చూసిన మనిషి కాబట్టి, లాడ్జి కట్టినప్పుడు సత్యం నాన్న ఈ గదిని విడిగా ఉంచారు. అద్దె లేదు. అన్నం కూడా వాళ్లింట్లోంచే వచ్చేది.

అది మంచితనం. కాదని నేను అనను. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఒక్క రాత్రి సంగతి పోయి గది మాత్రం మిగిలింది. భర్త పోయిన ఆడమనిషి ఏ పని మీద వచ్చినా, ఆస్పత్రికొచ్చినా, పెన్షను కాగితాలకొచ్చినా, తాళం ఇచ్చేది దీనిదే. దీని దుప్పట్లు వేరే బకెట్లో ఉతుకుతారు.

చీలాలు, కుచ్చులు

మర్నాడు పొద్దున్న చీలాలు పెట్టారు. బియ్యప్పిండితో పోసిన పల్చని అట్టు, మినప్పప్పు ఉండదు, నానబెట్టే పనీ ఉండదు. కాల్చిన టమాటాల పచ్చడి రోట్లో నూరినది. మూడు తిన్నాను. ఆయనుంటే మా అట్టు ముందు ఇదెంత అనేవారు, అంటూనే నాలుగు తినేవారు.

తర్వాత స్వీటీతో కలిసి గదులు చూశాను. పైనా కిందా కలిపి పదకొండు, వెనకదాన్ని కూడా లెక్కలో వేసుకుంటే. కట్టిన కొత్తల్లో చాలా దర్జాగా ఉండి ఉంటాయి. మెరూన్ శాటిన్ కర్టెన్లు అంచుల్లో నల్లబడ్డాయి. మంచాల తలవైపు రెగ్జిన్ పగిలి లోపలి స్పాంజి కనబడుతోంది. గోడకి ప్లాస్టిక్ గులాబీలు. స్వీటీ ఫోన్లో చూపించిన బొమ్మల్లో ఒక్కో మంచం మీద ఏడేసి దిళ్లు, కాళ్ల దగ్గర అడ్డంగా మెరిసే పట్టీ, కర్టెన్లకి కుచ్చులు ఉన్నాయి.

"పెద్దమ్మా, యే దేఖో నా. మస్త్ లగేగా. ఫైవ్ స్టార్."

"ఈ పట్టీ దేనికమ్మా?"

"బస్, ఐసే హీ. అందంకి."

"పడుకునేటప్పుడు ఈ ఏడు దిళ్లూ ఎక్కడ పెడతారు?"

స్వీటీ ఆలోచించింది. "కుర్చీ మీద."

"మరి మనిషి ఎక్కడ కూర్చుంటాడు?"

"పెద్దమ్మా, ఆప్ బహుత్ బోరింగ్ హో" అంది. నవ్వింది కూడా.

ఆ లాడ్జికొచ్చే మనుషులెవరో నేను సత్యాన్ని అడిగి తెలుసుకున్నాను. సగంమంది పెళ్లివారు. మిగిలినవాళ్లు జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ వైపు, ప్లాంటు వైపు కాంట్రాక్టు పనులకొచ్చే సూపర్‌వైజర్లు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటారు. పగలు పడుకునే మనిషికి కుచ్చులు అక్కర్లేదు, వెలుగు ఆపే గుడ్డ కావాలి. అందుకే దళసరి నూలు గుడ్డకి వెనక మరో నల్ల గుడ్డ వేసి కుట్టాలని నిర్ణయించాను. మంచానికి రెండు దిళ్లు. పరుపు మీద తీసి ఉతుక్కోగల తొడుగు. తలవైపు రెగ్జిన్ పీకేసి, అదే నూలు గుడ్డతో మెత్త. ఉతకడానికి వీల్లేనిదేదీ గదిలో ఉండకూడదన్నాను. ప్లాస్టిక్ గులాబీలను స్వీటీ కింద కౌంటర్ దగ్గరికి మార్చుకుంది. అక్కడ నా మాట చెల్లలేదు.

మేడ మీద గుడ్డ

నూలు గుడ్డని తడిపి ఆరేశాకే కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే కుదించుకుపోయి కర్టెన్ కిటికీకి పైపైన వేలాడుతుంది. నేను తెల్ల తాను ఒకటి తడిపి మేడ మీద ఆరేశాను. సాయంత్రానికి దాని నిండా సన్నని నల్లటి చుక్కలు. దులిపితే గీతలయ్యాయి.

కుట్టుపనికి జాముల్ నుంచి వచ్చే దులారి దీదీ అది చూసి మెట్ల మీద కూర్చుని నవ్వింది. నడివయసు మనిషి, నోట్లో ఎప్పుడూ సోంపు ఉంటుంది.

"అరే దీదీ, సడక్ కీ ధూల్. సుపేలాలో తెల్లది బయట ఆరేస్తారా ఎవరైనా?" అని హిందీలోనే అంది. రోడ్డు దుమ్మట. మా ఊళ్లో ఎండంటే ఉచితంగా దొరికే చాకలి. ఇక్కడ అదే ఎండ కింద లారీలు తిరుగుతాయి.

దాంతో కర్టెన్లకి గోధుమ రంగు తానులే ఖాయం చేశాను. తెల్లవి పక్క దుప్పట్లకే, అవీ ఇంట్లోనే ఆరాలి. పై వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి తాళ్లు కట్టాం. రెండు రోజులపాటు సత్యం తన లాడ్జిలోనే వంగి వంగి నడిచాడు. ఒకసారి తడి దుప్పట్లో చిక్కుకుని, "వదినా, నేనెక్కడున్నాను?" అని అరిచాడు.

ఆ సాయంత్రమే, మచ్చలు పడిన తాను చూసి అతను ఒక మాటన్నాడు. చెడుగా అన్నది కాదు.

"దీన్ని పారెయ్యకు వదినా. ఎనక గదికి వాడేద్దాం. అక్కడెవులు చూత్తారు?"

"నేను చూస్తున్నాను కదా సత్యం."

"అది కాదు వదినా. అసలా గది ఈ పనిలో లేదు. ఏదో ఉంది కదాని…"

"మిగిలిన పదింటికీ ఏ గుడ్డో దానికీ అదే గుడ్డ. అదే పరుపు. అద్దం కూడా."

అతను లోపలికెళ్లి వాళ్లమ్మని తీసుకొచ్చాడు.

కత్తెర కింద పెట్టాను

చిన్నత్త గోడ పట్టుకుంటూ వచ్చి దులారి మిషను పక్కన కుర్చీలో కూర్చుంది.

"ఏటే, ఎనక గది పెళ్లికూతుర్లాగ ముస్తాబు చేస్తావంట?"

"ముస్తాబు ఏ గదికీ చెయ్యడం లేదు చిన్నత్తా. పడుకోవడానికి వీలుగా చేస్తున్నాను."

"అది ఏడవడానికెళ్లే గది. మెత్తగా తొంగుంటే చచ్చిపోయినోడికి మర్యాదేటి ఉంటాది? ఇంకో మాట. కుట్టడం నువ్వు కుట్టు, నానొద్దనను. పెళ్లోరు దిగే గదుల్లో పక్కలు మాత్రం స్వీటీ పరుస్తాది. నువ్వు ముట్టుకోకు."

ఇది ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని రైలెక్కినప్పుడే నాకు తెలుసు. గొంతు పెంచడం నాకు చేతకాదు. ఆయన కత్తెర బల్ల మీద పెట్టాను.

"అయితే ఇక్కడితో ఆపేస్తాను. వెనక గదికి వద్దంటే ఏ గదికీ లేదు. కుట్టిన చెయ్యి పరవకూడదంటే కుట్టినవీ వద్దు. తానులు లారీకి వేసుకుని వెళ్లిపోతాను."

సత్యం తల పట్టుకున్నాడు. "అమ్మా, శుక్రవారం పెళ్లోరొచ్చీస్తారు. పాతవన్నీ పీకీసాం. గదులు బోడిగా ఉన్నాయి."

"పంతమేటే నీకు అంత?" అంది చిన్నత్త. "ఈవిడ కుట్టకపోతే ఈ దులారి కుడతాది."

మిషను చప్పుడు ఆగింది. తెలుగు రాకపోయినా తన పేరు వినబడితే సంగతి అర్థమైనట్టుంది దులారికి. ముప్పై ఏళ్లుగా ఈ వీధిలో తిరుగుతున్న మనిషి. "దీదీ కాటేగీ, తబ్ సిలూఁగీ" అంది. దీదీ కత్తిరిస్తేనే కుడతానని. సోంపు నములుతూ కూర్చుంది.

నేను చిన్నత్తని ఒకటే అడిగాను.

"చిన్నమావయ్య పోయినప్పుడు మీరూ ఆ గదిలోనే ఉన్నారా?"

"ఉండక? సొంత లాడ్జి అయితే మాత్రం."

"ఎలా ఉంది?"

ఆవిడ చీర కొంగు మోకాలి మీద సర్దుకుంది.

"దోమలు" అంది చివరికి. "ఆ షెడ్డు లైటు ఒకటి, కళ్లల్లోనే. తెల్లవార్లూ లెగిసే ఉన్నాను. పక్క గదిలో మా సచ్చెం గురక ఇనబడుతోంది. పిలిస్తే వొచ్చీవోడు. పిలవకూడదు కదేటి."

సత్యం నేల చూశాడు. ఈ సంగతి అతనికి తెలియదని మొహమే చెప్పింది.

"ఆయన నలభై ఏళ్లు పరుపుల గుడ్డ కత్తిరించారు చిన్నత్తా" అన్నాను. "అతుకులూ మచ్చలూ ఉన్న గుడ్డ ఏ గిరాకీకీ అంటగట్టలేదు. ఆయనకి మర్యాద చెయ్యాలంటే మంచి పరుపు కుట్టడమే నాకు తెలుసు. ఏడుపంటారా, అది మెత్తటి పరుపు మీదైనా వస్తుంది. నాకు రోజూ వస్తోంది."

ఆవిడ లేచి గోడ పట్టుకుంటూ వెళ్లిపోయింది. సరే అనలేదు, కాదనలేదు. నేను కత్తెర తీసుకున్నాను. మొదట కత్తిరించింది వెనక గది కిటికీకి.

మధ్యాహ్నం

బుధవారం భోజనాల వేళకి ఆ గది పూర్తయింది. మిగిలిన గదుల కర్టెన్లూ తొడుగులూ సగం కుట్టు మీదున్నాయి. దూది పరుపు, గోధుమ రంగు కర్టెన్, రెండు దిళ్లు, మేకుకి అద్దం. చాప చుట్టేసి మేడ మీద పెట్టాను. పక్క నేనే పరిచాను.

గుమ్మంలో చిన్నత్త నిలబడి ఉంది. లోపలికొచ్చి కర్టెన్ అంచు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది. తిరగేసి నల్ల గుడ్డ చూసింది. "ఇదేటి, రెండు పొరలా?" అంది. వెలుగు రాకుండా అన్నాను. కర్టెన్ లాగి చూపించాను. గది చీకటైంది. ఆవిడ మంచం మీద కూర్చుంది. కాసేపటికి పక్కకి ఒరిగింది. నేను తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చేశాను.

టీ వేళకి స్వీటీ ఇల్లంతా వెతుకుతోంది. "దాదీ కహాఁ హై? దాదీ!" అని. నేను వెనక గది చూపించాను. ఆ పిల్ల తలుపు తోసి చూసి, వెనక్కొచ్చి, నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని, "సో రహీ హై" అని, నిద్రపోతోందని గుసగుసగా చెప్పింది.

లేచి వచ్చాక చిన్నత్త టీ తాగింది. గ్లాసు పెట్టేస్తూ సత్యంతో, "మిగతా గదులకీ అలాగే చెయ్యమను. ఆ తళుకులూ గిళుకులూ ఒద్దు" అంది. నా వైపు చూడకుండానే, "పక్కలు నువ్వే పరువు. స్వీటీకి మడతలు పెట్టడం రాదు" అంది.

స్వీటీ కోప్పడింది. నేను పరిచాను.

పెళ్లివారు

శుక్రవారం రెండు బండ్లు దిగాయి. సత్యం నన్ను చూసి కళ్లతోనే లోపలికెళ్లమన్నాడు. పాత అలవాటు, ఒక్క పూటలో పోదు. నేను కౌంటర్ దగ్గరే ఉన్నాను, ప్లాస్టిక్ గులాబీల పక్కన, తాళాలు పట్టుకుని. పెళ్లికూతురి తల్లి మొదట దిగింది. "పై గదులండీ, రండి" అని ముందు నడిచాను. ఆవిడకి కావలసింది గీజరు ఉందా లేదా అన్న సంగతి ఒకటే. నా నుదురు ఆవిడకి కనబడనే లేదు.

అనుకున్నదానికంటే ఒక కుటుంబం ఎక్కువొచ్చింది. పెళ్లికూతురి మేనత్త, మామ. గది చాలలేదు. సత్యం వాళ్లమ్మ వైపు చూశాడు.

"ఎనక గది ఇవ్వు" అంది చిన్నత్త. "నానే తొంగున్నాను అందులో. ఏటయిపోనాను?"

"మరి వదిన?"

"దానికి నా గదిలో మంచమెయ్యి."

వాళ్లు వెనక గదిలో దిగారు. మర్నాడు ఆ మేనత్త వచ్చి, రోడ్డు చప్పుడు లేని గది మాకే వచ్చిందని సత్యానికి చెప్పి మురిసిపోయింది. అతను తడి దుప్పటి ఒకటి వెతుక్కుని దాని వెనక్కి వెళ్లాడు.

తిరిగొచ్చాక

అన్నీ మారాయని చెప్పను. బయల్దేరే రోజు చిన్నత్త దేవుడి దీపం నన్ను వెలిగించనివ్వలేదు. నేను అడగనూ లేదు. మెయిన్ రోడ్డు దాకా ఆటోలో వచ్చింది, దారిలో సంత దగ్గర ఆపించి సెనగలు కొనిచ్చింది. బొట్టు సంగతి మాత్రం, "చిన్నది పెట్టావు, పెద్దది పెట్టు, కనబడదు" అంది. అది వెక్కిరింతో, మరొకటో, రైలు రాయపూర్ చేరేదాకా ఆలోచించాను.

మా బావగారు నాతో ఇంకా మాట్లాడటం లేదు. దుకాణం తెరిచాను. ఆయన కత్తెరతోనే కత్తిరిస్తున్నాను.

కిందటి వారం స్వీటీ ఫోను చేసింది. ప్లాంటు క్వార్టర్ల సెక్టార్లో ఒక తెలుగాయన పోయారట. పెద్దకర్మ అయ్యాక భార్యని నిద్రకి తీసుకొచ్చారట. వెనక గదిలో ఎవరో జాముల్ సూపర్‌వైజరు పగటి నిద్రలో ఉన్నాడని, చిన్నత్త ఆవిడని మేడ మీద రోడ్డు వైపు గదిలో దింపిందట. ముందు గుమ్మంలోంచే తీసుకెళ్లిందట. రాత్రి తనూ అక్కడే పడుకుందట.

సుపేలాలోని ఆ లాడ్జిలో ఇప్పుడు భర్త పోయిన ఆడమనిషికంటూ వేరే గది ఉంచడం లేదు.